కబ్బన్ పార్కు బ్యాండ్‌స్టాండ్ చరిత్ర మీరే తవ్వి తీయాలంటే

బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లం చాలామందిమి ఆదివారం పొద్దున్నే కబ్బన్ పార్కుకి వెళ్తాం, పిల్లల్ని బాలభవన్ రైలెక్కిస్తాం, ఎర్ర లైబ్రరీ ముందు ఫొటోలు దిగుతాం, వచ్చేస్తాం. మధ్యలో చెట్ల నీడన ఎనిమిది పలకల ఇనప మంటపం ఒకటి కనిపిస్తుంది. అదే బ్యాండ్‌స్టాండ్. మైకుల్లేని కాలంలో ఈ ఊళ్లో సాయంత్రం పూట ఆరుబయట సంగీతం వినిపించిన చోటు. దాని గురించి నెట్‌లో వెతికితే మూడు నాలుగు వాక్యాలు దొరుకుతాయి, అవి కూడా ఒకరిని చూసి ఒకరు రాసుకున్నట్టే ఉంటాయి. అంతకంటే ఎక్కువ తెలుసుకోవాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. చరిత్రలో డిగ్రీ అక్కర్లేదు. కొన్ని ఆదివారాలు, ఒక నోటుబుక్కు, కాస్త మొండితనం ఉంటే చాలు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. "ఎప్పుడు కట్టారు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. అందరూ అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. 1900ల తొలి ఏళ్లలో కట్టారని అంటారు, ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుని పక్కన పెట్టండి. మీరు అడగాల్సినవి వేరే: వాయించింది ఎవరు, వాళ్లకి డబ్బు ఇచ్చింది ఎవరు, కూర్చుని విన్నది ఎవరు, ఎందుకు ఆగిపోయింది. ఈ నాలుగూ వెతుక్కుంటూ పోతే కట్టిన సంవత్సరం దారిలో అదే కాలికి తగులుతుంది.

పేర్లతో మొదలుపెట్టండి

పాత కాగితాల్లో వెతకాలంటే పార్కుకి ఉన్న పేర్లన్నీ తెలియాలి. ఇది 1870లో మైసూరు రాజ్యపు చీఫ్ ఇంజనీరు రిచర్డ్ సాంకీ హయాంలో మొదలైంది. అప్పుడు మైసూరుని పాలిస్తున్న బ్రిటిష్ కమిషనర్ మీడ్ పేరుతో మొదట మీడ్స్ పార్క్ అన్నారు. తర్వాత, అంతకు ముందు చాలా కాలం కమిషనర్‌గా ఉన్న మార్క్ కబ్బన్ పేరు పెట్టారు. ఆయన 1861లోనే పోయాడు, అంటే తన పేరున్న పార్కుని ఆయన చూడనేలేదు. 1927లో, నాల్గవ కృష్ణరాజ ఒడెయరు పాలనకి పాతికేళ్లు నిండిన సందర్భంలో, శ్రీ చామరాజేంద్ర పార్క్ అని అధికారికంగా మార్చారు. జనం నోట్లో మాత్రం కబ్బన్ పార్కే మిగిలింది, కానీ ప్రభుత్వ ఫైలు అధికారిక పేరుతో నడుస్తుంది కదా, కాబట్టి 1927 తర్వాతి రిపోర్టుల్లో కబ్బన్ అని మాత్రమే వెతికి ఏమీ లేదని వచ్చేయకండి. ఊరి పేరు కూడా అంతే, బ్యాంగళోర్ అన్న పాత ఇంగ్లిషు స్పెల్లింగుతో తప్పకుండా వెతకాలి. బ్యాండ్‌స్టాండ్ అన్న మాటని కలిపీ, విడగొట్టీ, నడుమ గీత పెట్టీ వెతకండి. యంత్రానికి అవి మూడూ వేర్వేరు మాటలు.

ఇంకొకటి. లాల్‌బాగ్‌లో కూడా ఒక బ్యాండ్‌స్టాండ్ ఉంది. పాత ఫొటో కింద "బ్యాంగళోర్ బ్యాండ్‌స్టాండ్" అని మాత్రమే ఉంటే అది ఏ తోటదో ముందు తేల్చుకోండి. ఈ రెండూ కలిసిపోయిన పోస్టులు ఆన్‌లైన్‌లో కనిపిస్తూనే ఉంటాయి.

ఇనుము దగ్గరికి వెళ్లి చూడండి

పుస్తకాల కంటే ముందు మంటపం దగ్గరికి వెళ్లండి. పొద్దున్నే, ఎండ పక్కనుంచి పడే టైములో వెళ్తే పెయింటు కింద ఉన్న అచ్చు గుర్తులు నీడలతో సహా కనిపిస్తాయి. మెట్రోలో కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లడం సుఖం. మొబైల్ కెమెరా చాలు. ట్రైపాడ్ బిగిస్తే సెక్యూరిటీవాళ్లు వచ్చి పర్మిషన్ ఏదని అడుగుతారు, అనవసరమైన టెన్షన్.

ఏం చూడాలో తెలియాలంటే ఈ కట్టడాలు ఎలా పుట్టాయో కొంచెం తెలియాలి. తోటల్లో ఇలాంటి మంటపాలు పెట్టడం 1861లో లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లో, రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తోటతో మొదలైందని చెప్పొచ్చు. తర్వాత బ్రిటన్‌లో పోత ఇనుము కార్ఖానాలు వీటిని కేటలాగుల్లో నంబర్లు వేసి మరీ అమ్మేవి. ఫలానా నంబరు స్తంభం, ఫలానా నంబరు రెయిలింగు అని ఆర్డరు ఇస్తే విడిభాగాలు ఓడెక్కి వచ్చేవి, ఇక్కడ బోల్టులు బిగించి నిలబెట్టేవారు. ఆ వ్యాపారంలో గ్లాస్గోలోని వాల్టర్ మెక్‌ఫార్లేన్ కంపెనీ, వాళ్ల సారసెన్ ఫౌండ్రీ చాలా పెద్ద పేరు. మన లాల్‌బాగ్ గ్లాస్‌హౌస్, 1889లో శంకుస్థాపన జరిగింది చూడండి, దాని ఇనుము వాళ్ల దగ్గర్నుంచే వచ్చింది. ఇలాంటి కార్ఖానాలవాళ్లు తమ పేరుని స్తంభం అడుగున దిమ్మ మీద గానీ, మెట్ల పక్కన గానీ, చూరు కింద నగిషీ పలక వెనక గానీ పోత పోసేవారు. కాబట్టి ఒక్కో స్తంభం చుట్టూ తిరిగి, వంగి, మొత్తం చూడండి. అక్షరాలు దొరికితే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే ఆ కంపెనీల పాత కేటలాగులు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు, అదే నగిషీ ఏ పేజీలో ఉందో పోల్చి చూసుకోవచ్చు. దొరక్కపోతే అది స్థానికంగా పోసింది కావచ్చు, లేదా పది పొరల పెయింటు కింద పూడిపోయి ఉండొచ్చు. పెయింటు గీకకండి. దయచేసి. మీ కుతూహలం కోసం దాన్ని పాడు చేయకూడదు, పైగా అది ప్రభుత్వ ఆస్తి.

తర్వాత రిపేర్ల జాడలు. పోత ఇనుము పగిలితే పాతకాలంలో పట్టీ వేసి బోల్టులు బిగించేవారు, వెల్డింగు మచ్చ కనిపిస్తే ఆ రిపేరు తర్వాతి కాలానిది. అరుగు అంచుల్లో సున్నం గార ఉందా, సిమెంటు పూత ఉందా, కప్పు లోపలి వైపు చెక్కా, రేకా, కరెంటు పైపు స్తంభాన్ని ఎక్కడ తొలిచి పోయింది, అన్నీ ఫొటో తీసుకుని ఒక కాగితం మీద మంటపాన్ని పైనుంచి చూసినట్టు గీసి, ఒక్కో పలకకి నంబరు వేసి ఏ ఫొటో ఏ పలకదో రాసుకోండి. ఇది అక్కడికక్కడే చేయాలి. ఇంటికొచ్చాక ఎనిమిది పలకలూ ఒకేలా కనిపిస్తాయి.

ఇక దీని ఆకారం సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఎనిమిది పలకల మంటపానికి ముందూ వెనకా ఉండవు. మిలిటరీ బ్యాండంటే ఇత్తడి బాకాలు, క్లారినెట్లు, డోళ్లు. మైకు లేకుండా ఆరుబయట దూరం వెళ్లే శబ్దాలు అవే. పైకప్పు ఆ శబ్దాన్ని ఆకాశంలోకి పోనివ్వకుండా కిందికీ పక్కలకీ తిప్పుతుంది, ఎత్తు అరుగు దాన్ని జనం తలల మీదుగా పంపుతుంది, గోడలు లేవు కాబట్టి నాలుగు వైపులా వినిపిస్తుంది. వినేవాళ్లు కూడా వరసల్లో కూర్చోనక్కర్లేదు, చుట్టూ నడుస్తూ, కబుర్లు చెప్పుకుంటూ, పిల్లల్ని ఆడించుకుంటూ వినొచ్చు. మన గుళ్లో నాదస్వరం మోగుతుంటే ప్రదక్షిణ చేసుకుంటూ వినమా, అలాగన్నమాట. మైకు వచ్చాక ఇదంతా మారింది. స్పీకర్లు పెట్టగానే వాటికి ఎదురుగా కూర్చోవాలి, కుర్చీలు ఒక వైపే పడతాయి, కళాకారులు ఒక వైపే తిరుగుతారు. వీణో వేణువో గాత్రమో పెట్టాలంటే మైకు తప్పదు. అంటే ముందు వైపంటూ లేని మంటపానికి మైకు వచ్చి ఒక ముందు వైపు తెచ్చిపెట్టింది. మీరు వెళ్లినప్పుడు ఇది గమనించండి: ఏ పలక వైపు వైర్లు, ప్లగ్గులు ఉన్నాయి, ఏ వైపు నేల గట్టిపడి గడ్డి తక్కువగా ఉంది, జనం కూర్చోడానికి ఏర్పాటు ఏ వైపు చేశారు. బ్యాండ్ల కాలం ఎక్కడ ముగిసి కచేరీల కాలం ఎక్కడ మొదలైందో ఆ నేలే చెప్తుంది.

ఒక చిన్న పరీక్ష కూడా చేసుకోవచ్చు. ఫ్రెండుని మంటపం దగ్గర నిలబెట్టి మామూలు గొంతుతో ఏదైనా పద్యం చదవమనండి, మీరు వెనక్కి నడుచుకుంటూ పోయి మాటలు తెలియడం ఆగిన చోట అడుగులు లెక్కపెట్టండి. చప్పట్లతో కూడా చూడండి. నాలుగు దిక్కులా చేస్తే, పార్కు చుట్టూ ఉన్న రోడ్ల ట్రాఫిక్ ఇప్పుడు ఎంత సంగీతాన్ని మింగేస్తుందో అర్థమవుతుంది. ఆదివారం పొద్దున ఒకసారి, మామూలు పనిరోజు సాయంత్రం ఒకసారి చేసి పోల్చండి.

మంటపం ఒక సర్కారుది, బ్యాండు ఇంకో సర్కారుది

ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే వెతుకులాటలో చాలా టైము మిగులుతుంది. 1881లో బ్రిటిష్‌వాళ్లు మైసూరుని తిరిగి ఒడెయర్లకి అప్పగించారు. కానీ బెంగళూరులో కంటోన్మెంటుని, అంటే సివిల్ అండ్ మిలిటరీ స్టేషన్‌ని, 1947 దాకా తమ చేతిలోనే పెట్టుకున్నారు, రెసిడెంట్ అనే బ్రిటిష్ ప్రతినిధి కింద. ఇటు పేట, అంటే పాత ఊరు, అటు దండు, అంటే ఆ కంటోన్మెంటు, మధ్యలో కబ్బన్ పార్కు. తోట పని చూసుకున్నది మైసూరు ప్రభుత్వపు తోటల శాఖ. లాల్‌బాగ్‌ని నడిపిన జాన్ కామెరాన్, 1908 తర్వాత ఆయన స్థానంలోకి వచ్చిన జర్మన్ తోటమాలి క్రుంబీగెల్, ఇలాంటి అధికారుల కింద ఉండేది. బ్యాండు మాత్రం దండులో దిగిన పల్టనులది, అంటే రెజిమెంట్లది. కాబట్టి ఇనుము, పెయింటు, కూలి ఖర్చులు ఒక సర్కారు కాగితాల్లో వెతకాలి, ఏ సాయంత్రం ఏ బ్యాండు ఏం వాయించింది అన్నది ఇంకో సర్కారు వైపు కాగితాల్లో, కంటోన్మెంటు పత్రికల్లో వెతకాలి. ఒకే చోట రెండూ దొరుకుతాయని కూర్చుంటే దొరకవు.

మైసూరు వైపు కాగితాలకి కర్ణాటక రాజ్య పత్రాగారం ఉంది, విధానసౌధలోనే. పార్కు నుంచి నడిచి వెళ్లేంత దూరం. గుర్తింపు కార్డు, ఏం వెతుకుతున్నారో స్పష్టంగా రాసిన కాగితం ఒకటి పట్టుకెళ్లండి. "బ్యాండ్‌స్టాండ్ ఫైలు ఇవ్వండి" అంటే ఎవరూ ఇవ్వలేరు, ఎందుకంటే అలాంటి ఫైలు అంటూ ఉండకపోవచ్చు. ప్రభుత్వ తోటల శాఖ, పబ్లిక్ వర్క్స్ శాఖ, వాటి వార్షిక రిపోర్టులు, ఫలానా ఏళ్లు అని అడగండి. వార్షిక రిపోర్టుల్లో తోటల మీద కొన్ని పేజీలు ఉంటాయి: ఎన్ని మొక్కలు నాటారు, ఎక్కడ కంచె వేశారు, ఎంత ఖర్చయింది. చదవడానికి బోరే, ఒప్పుకుంటాను. మనకి కావాల్సిన ఒక్క వాక్యం సరిగ్గా ఆ బోరు మధ్యలోనే దాక్కుని ఉంటుంది. మైసూరు పరిపాలనా రిపోర్టులు, గెజిటీర్లు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగానే ఉన్నాయి, కాబట్టి ఇంట్లో కూర్చుని చదవగలిగినవి చదివేసి, లేని ఏళ్ల కోసమే ఆఫీసుకి వెళ్లండి.

బ్రిటిష్ వైపు కాగితాలకి ఢిల్లీ జాతీయ పత్రాగారం వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్ చూడండి. రిజిస్టరు చేసుకుంటే స్కాన్ చేసిన ఫైళ్లు చదవొచ్చు. పత్రికల్లో కంటోన్మెంటు నుంచి వచ్చిన డైలీ పోస్ట్ లాంటివి, మద్రాసు నుంచి వచ్చిన మద్రాస్ మెయిల్, హిందూ. 1948లో మొదలైన డెక్కన్ హెరాల్డ్, ప్రజావాణి స్వాతంత్ర్యం తర్వాతి కథకి పనికొస్తాయి. పాత పత్రికల్లో వార్తల పేజీ కంటే చిన్న ప్రకటనలు, ఎంగేజ్‌మెంట్ల కాలమ్ (ఊళ్లో జరగబోయే కార్యక్రమాల జాబితా) ముందు చూడండి. బ్యాండు కార్యక్రమం అచ్చయితే అక్కడే అవుతుంది: టైము, పల్టను పేరు, మార్చి, వాల్ట్జ్, చివర బ్రిటిష్ రాజుగారి గీతం. పల్టను పేరు దొరికితే దారం దొరికినట్టే, ఆ పల్టను బెంగళూరులో ఏ ఏళ్లలో ఉందో రెజిమెంటు చరిత్రల్లో సులభంగా తెలుస్తుంది. పల్టన్లు కొన్నేళ్లకి ఊరు మారుతుంటాయి, వాటితో బ్యాండూ మారుతుంది, పాటలూ మారతాయి.

పార్కు పక్కనే, నృపతుంగ రోడ్డులో మిథిక్ సొసైటీ ఉంది, 1909లో మొదలైన సంస్థ, వాళ్ల లైబ్రరీ కూడా చూడాల్సిందే. పార్కులో ఉన్న శేషాద్రి అయ్యర్ మెమోరియల్ హాల్, అదే మన ఎర్ర లైబ్రరీ, అదీ అంతే.

కన్నడం రాదని వెనక్కి తగ్గకండి. లిపి మన లిపికి అంత దగ్గర కదా, కొన్ని అక్షరాల తలకట్టు తేడా పట్టుకుంటే పాత పత్రికల హెడ్డింగులు ఓ వారంలో చదవగలుగుతారు. ఇంకో పని కూడా ఉంది, ఇది తెలుగు చదివేవాళ్లు మాత్రమే చేయగలిగిన పని: పాత ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి సంచికలు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వాళ్లు పాత తెలుగు పత్రికలు ఎన్నో స్కాన్ చేసి పెట్టారు. బెంగళూరు, మైసూరు వెళ్లొచ్చినవాళ్లు రాసిన యాత్రా వ్యాసాలు వాటిలో వెతకండి. దండులో బ్యాండు విన్నవాళ్ల మాట ఇంగ్లిషు పత్రికలో కాకుండా మన భాషలో దొరికితే, ఆ చరిత్రకి అది పూర్తిగా కొత్త చేర్పు అవుతుంది.

విన్న మాటని నిలదీయడం

ఈ పార్కు గురించి తరచుగా వినపడే మాట, రాయల్ ఎయిర్ ఫోర్స్ బ్యాండు ఇక్కడ శనివారం సాయంత్రాలు పాశ్చాత్య సంగీతం వాయించేదని. కొట్టిపారేయాల్సిన మాటేం కాదు. కానీ ఎవరైనా "మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు" అని దానికి తోక తగిలిస్తే ఆగండి. రాయల్ ఎయిర్ ఫోర్స్ ఏర్పడిందే 1918 ఏప్రిల్ 1న. 1914కి ముందు దానికి బ్యాండు ఎక్కడిది? ఎయిర్ ఫోర్స్ కథ నిజమైతే అది తర్వాతి కాలానిది అయి తీరాలి. 1940లో ఇక్కడ హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పుట్టింది, రెండో యుద్ధంలో విమానాల రిపేర్లకి ఈ ఊరు పెద్ద కేంద్రం అయింది, ఊరంతా నీలం యూనిఫాంలు తిరిగిన రోజులవి. ఎవరి జ్ఞాపకమైనా ఆ కాలానిదేమో అడిగి చూడండి. అంతకు ముందు వాయించింది పదాతి దళాల బ్యాండ్లు అయి ఉంటే, రెండు కథలూ కలిసి ఒకటైపోయి ఉంటాయి. ఇలాంటి అతుకు ఎక్కడుందో కనిపెట్టడమే అసలు మజా.

ఇలాగే నిలదీయడానికి మేకుల్లాంటి తేదీలు కొన్ని గుర్తుంచుకోండి. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు 1905లో వెలిగాయి, శివనసముద్రం కరెంటుతో. కాబట్టి అంతకు ముందు సంవత్సరం పేరు చెప్పి "విద్యుద్దీపాల వెలుగులో బ్యాండు" అంటే నమ్మకండి, అప్పటి కార్యక్రమాలు పొద్దు గూకేలోపు ముగియాల్సిందే. దేశమంతా ఒకే గడియారం 1906 నుంచి అధికారికంగా మొదలైంది, అంతకు ముందు రైళ్లది మద్రాసు టైము, దానికీ ఇప్పటి టైముకీ తొమ్మిది నిమిషాల తేడా. ఇది మరీ సూక్ష్మం అనుకోండి, కానీ సూర్యాస్తమయంతో పోల్చి లెక్క వేసేవాళ్లకి పనికొస్తుంది.

ఇంకో పొరపాటు జరిగే చోటు: మంటపం లేదు కాబట్టి సంగీతమూ లేదనుకోవడం. పార్కు 1870ది, మంటపం తర్వాత ఎప్పుడో వచ్చింది. ఆ మధ్య ఏళ్లలో బ్యాండువాళ్లు పచ్చిక మీద గుండ్రంగా నిలబడి వాయించి ఉండొచ్చు, దానికి ఇనుముతో పనేముంది? పత్రికల్లో వెతికేటప్పుడు బ్యాండ్‌స్టాండ్ అన్న మాటకే పరిమితమైతే ఆ ముప్ఫై ఏళ్లూ జారిపోతాయి. "బ్యాండు", "పార్కు" అన్న రెండు మాటలు ఒకే పేజీలో వచ్చిన చోటల్లా ఆగి చూడండి.

ఫొటోల తేదీ పట్టుకోవడం

పాత పోస్ట్‌కార్డులు ఆన్‌లైన్ వేలాల్లో కనిపిస్తాయి. కొనక్కర్లేదు, బొమ్మ చూస్తే చాలు. స్టాంపు మీద ఎవరి తల ఉంది? 1901 దాకా విక్టోరియా, 1910 దాకా ఏడవ ఎడ్వర్డ్, తర్వాత 1936 దాకా అయిదవ జార్జి. రాజు పోయాక పాత స్టాంపులు కొంతకాలం చెల్లుతాయి కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ చూసుకోవాలి, పోస్టాఫీసు ముద్ర చదవగలిగితే ఆ గొడవే లేదు. కార్డు వెనక అడ్రసుకి, ఉత్తరానికి మధ్య గీత ఉంటే అది 1902కి ముందుది కాదు, ఆ పద్ధతి బ్రిటన్‌లో మొదలైందే అప్పుడు.

బొమ్మలో వెనక ఏముందో చూడండి. విక్టోరియా విగ్రహం 1906లో పెట్టారు. శేషాద్రి అయ్యర్ హాల్ 1915ది. విధానసౌధ గుమ్మటం కనిపిస్తే 1950ల మధ్య తర్వాతిది. గుర్రం మీద కూర్చున్న కబ్బన్ విగ్రహం అఠారా కచేరీ, అంటే హైకోర్టు, ముందు చాలాకాలం ఉండేది, 2020లో దాన్ని పార్కులోకి మార్చారు, ఆ విగ్రహం ఎక్కడుందో దాన్నిబట్టి కూడా ఒక అంచనాకి రావచ్చు. ఆడవాళ్ల టోపీలు, కార్ల నమూనాలు చూసి తేదీ కట్టేవాళ్లూ ఉన్నారు, నేనైతే వాటిని ఆఖరి సాక్ష్యంగా పెట్టుకుంటాను.

పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడం

దీనికి మిగతా అన్నిటికంటే తొందర ఎక్కువ. కాగితం ఇంకో పదేళ్లు ఆగుతుంది, మనుషులు ఆగరు. బ్రిటిష్ బ్యాండ్లు విన్న చెవులు ఇప్పుడు చాలా తక్కువే మిగిలి ఉంటాయి, కానీ "మా నాన్న చెప్పేవాడు" అనేవాళ్లు హలసూరులో, శివాజీనగరంలో, చిక్కపేట, కాటన్‌పేటల్లో ఇప్పటికీ ఉన్నారు, వాళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు బోలెడు. సైన్యంలో ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్స్ కేంద్రం హలసూరు చెరువు పక్కనే, దాంట్లో పనిచేసి రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్లని కూడా కదిలించండి. వాళ్ల దళానికి సొంత బ్యాండు ఉంది, ఏ పార్కులో ఏ పండగకి వాయించారో వాళ్లకి తెలుస్తుంది. బళేపేట వాద్యాల అంగళ్లలో, పెళ్లి బ్యాండుమేళం నడిపే ఇళ్లలో అడగండి, పాత క్లారినెట్టు ఎవరి దగ్గర కొన్నారు, తాతకి నేర్పింది ఎవరు అని. మిలిటరీ బ్యాండుకీ పెళ్లి ఊరేగింపుకీ మధ్య దారి అలాంటి ఇళ్లలోనే తెలుస్తుంది.

అడిగే తీరు ముఖ్యం. వెళ్లగానే ఫోను ముందు పెట్టి "బ్యాండ్‌స్టాండ్ చరిత్ర చెప్పండి" అంటే పెద్దాయన కంగారుపడి, పేపర్లో చదివిందే మనకి తిరిగి అప్పజెప్తాడు. "తాతగారూ, చిన్నప్పుడు పార్కుకి ఎవరు తీసుకెళ్లేవారండీ? ఏ గేటు నుంచి? చెప్పులు వేసుకుని వెళ్లేవారా? కుర్చీలుండేవా, నేల మీద కూర్చునేవారా? మనవాళ్లని అంత దగ్గరికి రానిచ్చేవారా?" ఇలా అడగండి. అమ్మమ్మలని వేరుగా అడగండి, తాతగారు పక్కనుంటే ఆవిడ మాట పడనివ్వడు. ఆడవాళ్లు వెళ్లేవారా, వెళ్తే ఎవరి తోడుతో, ఏం కొనుక్కు తినేవారు, ఇవన్నీ ఆవిడకే గుర్తుంటాయి. సంవత్సరం గుర్తులేదంటే పట్టుబట్టకండి, పక్క గుర్తులు అడగండి: అప్పటికి విధానసౌధ కట్టేశారా, ఇంకా రాళ్లు కొడుతున్నారా? రేషన్ రోజులా? పెళ్లయిందా? పెద్దబ్బాయి పుట్టాడా? రికార్డు చేస్తున్నట్టు ముందే చెప్పి ఒప్పుకున్నాకే బటన్ నొక్కండి.

మంటపం దగ్గర ఆదివారం ఏదైనా కచేరీ ఉంటే వాయించేవాళ్లతో కూడా మాట్లాడండి, ముఖ్యంగా పోలీసు బ్యాండు అయితే. మైసూరు ప్యాలెస్‌లో ఇంగ్లిషు బ్యాండు, కర్ణాటక బ్యాండు అని రెండు ఉండేవి, అక్కడి పాశ్చాత్య వాద్యబృందాన్ని ఆటో ష్మిట్ అనే జర్మన్ నడిపించాడు. ఆ రెండు రకాల బ్యాండ్ల సంప్రదాయం ఇప్పుడు కర్ణాటక పోలీసుల్లో కొనసాగుతోంది. ఇత్తడి బాకాల మీద త్యాగరాజ కీర్తన వినిపించిందంటే, దాని వెనక ఎంత కథ ఉందో వాయించేవాళ్లే చెప్తారు.

ఆర్‌టీఐ

ఇటీవలి రిపేర్ల సంగతి కావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు దగ్గరి దారి. తోటల శాఖ సమాచార అధికారికి, కన్నడంలో గానీ ఇంగ్లిషులో గానీ, పది రూపాయల ఫీజుతో. కర్ణాటక నియమాల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటలు దాటకూడదు. చాలామంది ఇక్కడే తిరస్కరణ తెచ్చుకుంటారు, ఆవేశంగా రెండు పేజీలు రాసి. "ఎందుకు పట్టించుకోలేదు?" లాంటి ప్రశ్నలు వద్దు, వాటికి జవాబిచ్చే బాధ్యత వాళ్లకి లేదు. ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా బ్యాండ్‌స్టాండ్ మరమ్మతుల ఎస్టిమేట్లు, పని ఆర్డర్ల నకళ్లు, అని అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే శాఖలో మొదటి అప్పీలు.

దాచిపెట్టడం

దొరికిన ప్రతి వాస్తవం పక్కన ఎక్కడ దొరికిందో అప్పుడే రాయండి: పత్రిక పేరు, తేదీ, పేజీ, లేదా ఎవరు చెప్పారు, ఏ రోజు. మూడు రకాలుగా విడగొట్టుకుంటే మంచిది: కాగితం మీద చూసింది, మనిషి చెప్పింది, నేను ఊహించింది. మూడో రకం మూడో రకంలానే ఉండనివ్వండి, బాగుంది కదా అని పైకి ఎక్కించకండి. మనం ఇప్పుడు చూస్తున్న గందరగోళం అంతా అలా ఎక్కించినవాళ్ల వల్లే.

తెలుగు వికీపీడియాలో రాయాలనుకుంటే కాగితం మీద చూసిన భాగం అక్కడ నిలుస్తుంది, పెద్దవాళ్లు చెప్పింది నిలవదు, అది మీ పేరుతో వేరే వ్యాసంగా రాసుకోండి. ఫొటోల సంగతికొస్తే, మన కాపీరైటు చట్టంలో ప్రచురించిన ఫొటోకి అరవై ఏళ్ల దాకా హక్కు ఉంటుంది, పాత పోస్ట్‌కార్డుల్లో చాలావాటికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇంటి ఆల్బంలోని ఫొటో అలా కాదు, అడగకుండా పెట్టకూడదు. ఎవరైనా ఆల్బం చేతికిస్తే ఇంటికి మోసుకెళ్లకండి, వాళ్ల బల్ల మీదే, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకుని, వెనక రాసి ఉన్నది కూడా తీసుకుని, ఆల్బం అక్కడికక్కడే ఇచ్చేయండి. తర్వాత మీరు రాసింది ప్రింటు తీసి వాళ్లింటికి ఒక కాపీ పంపండి. చదివాక తప్పులు పట్టుకుని ఫోన్ చేస్తారు, ఇంకో ఇద్దరి పేర్లు కూడా చెప్తారు.